ఒక పేద ఇల్లు కావలెను

హ్వారంగ్ కొత్త పట్టణం
అక్టోబరు 12

తోల్‌సన్ గుట్ట వార్డు సంక్షేమాధికారిణి, మా అక్క నమ్‌గుంగ్ సన్‌ఏ గారి దివ్య సముఖమునకు,

విషయం: తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో 'పేదరికం: కారణాలు, ఫలితాలు' అను పాఠం నిమిత్తం ఒక పేద ఇల్లు కేటాయించుట గురించి.

తమ తమ్ముడు, మాధ్యమిక పాఠశాల ఉపాధ్యాయుడు హ్యోక్ వినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

మా పాఠ్యపుస్తకంలో పేదరికానికి రెండు పేజీలు కేటాయించారు. ఎడమ పేజీలో కారణాలు, కుడి పేజీలో ఫలితాలు, మధ్యలో పుస్తకం కుట్టు. నిన్న పుస్తకాలు మూయించి, "మనుషులు పేదవాళ్ళు ఎందుకవుతారు?" అని తరగతిని అడిగాను. మిన్‌గ్యు అనే కుర్రాడు లేచి, "పొద్దున్నే లేవరు సార్" అన్నాడు. ఇంకొకడు "ఇంగ్లీషు రాదు" అన్నాడు. మొదటి బెంచీ అమ్మాయి, "రేట్లు పెరగకముందే ఫ్లాటు కొనుక్కోలేదు" అంది. ఈ జవాబుకు తరగతి మొత్తం తల ఊపింది. చివరికి యేసుల్ అనే అమ్మాయి, "మాలో ఎవరమూ పేదవాళ్ళ ఇంట్లో అడుగు పెట్టలేదు సార్. చూడని వాళ్ళ గురించి కారణాలెలా చెబుతాం?" అంది. నా దగ్గర జవాబు లేనందువల్ల "మంచి ప్రశ్న" అన్నాను.

కనుక తమ పరిధిలో నేటికీ నేల కింద డబ్బాలంతేసి బొగ్గు బిళ్ళలు కాల్చి గది వెచ్చబెట్టుకుంటున్న ఇల్లు ఒకటి మా తరగతికి కేటాయించవలసిందిగా ప్రార్థన. ఆనవాయితీ ప్రకారం పిల్లలు గుట్ట కింది నుంచి పైదాకా వరుసగా నిలబడి, చేతి నుంచి చేతికి బిళ్ళలు అందిస్తారు. సేవా గంటలు వారి రికార్డులో చేరతాయి. డిసెంబరు మొదటి వారం మాకు అనుకూలం. అదే వారం విద్యాశాఖ పర్యవేక్షకులు నమూనా పాఠం చూడడానికి మా బడికి వస్తున్నారు. అది కేవలం యాదృచ్ఛికం.

ఫోనులో అడగవచ్చు కదా అంటావేమో. మండలాఫీసు గుమాస్తా అయిన నాన్న మనచేత సినిమాకు పోవడానికి కూడా అర్జీ రాయించేవాడు. ఫోనులో అడిగితే నువ్వు "కుదరదు" అని పెట్టేస్తావు. అర్జీకైతే జవాబు రాయక తప్పదు.

ఇట్లు, తమ విధేయుడు
హ్యోక్


తోల్‌సన్ గుట్ట
అక్టోబరు 20

అర్జీదారు, చిరంజీవి హ్యోక్‌కు,

విషయం: పేదల కొరత.

తమరి అర్జీ పరిశీలించి, విచారంతో తెలియజేయునది: ఈ వార్డులో పేదలకు తీవ్రమైన కొరత ఏర్పడింది. కంగారుపడవద్దు, తిండికి జరగనివాళ్ళకు కొరత లేదు. నేలమాళిగ గదుల్లో ఉన్నారు, రోజు అద్దె గదుల్లో ఉన్నారు, మా ఆఫీసు మెట్ల మీదా ఉన్నారు. వారిని ఎవరూ అడగడం లేదు. బ్యాంకులు, చర్చీలు, ఫుట్‌బాల్ జట్లు, బడులు, అందరికీ గుట్ట కావాలి, పొగగొట్టం కావాలి, పొగగొట్టం పక్కన నవ్వే ముసలమ్మ కావాలి. అలాంటి ఇళ్ళు గుట్ట మొత్తం మీద రెండే మిగిలాయి. బోక్‌సిల్ అవ్వది ఒకటి, ఎదురిల్లు ఒకటి. పోయిన చలికాలం అవ్వ ఇంటికి అన్ని సంస్థలూ బిళ్ళలు మోస్తే, ఆమె వాటి కోసం కోళ్ళగూడు ఖాళీ చేసి, కోళ్ళను వంటింట్లో పెట్టుకుంది.

ఆ రెండిళ్ళకూ ఈసారి గ్యాస్ బాయిలర్ మంజూరైంది. నవంబరులో మేస్త్రీ వస్తాడు. ఈ కబురు చెప్పడానికి వెళితే అవ్వ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"ఏమే అమ్మాయ్, మీట నొక్కితే నేల కాలుతుందట, నిజమేనా?"

"నిజమే అవ్వా."

"అర్ధరాత్రి లేచి బిళ్ళ మార్చే పని లేదా?"

"లేదు."

"మరి ఆ టైములో నేనేం చెయ్యాలే?"

"నిద్రపో అవ్వా."

"డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇప్పుడు నేర్చుకోవాలా నిద్రపోవడం!" అని పడీపడీ నవ్వింది. ఏటా చలికాలం ముందు నేల మీద అంటించిన నూనె కాగితం ఎత్తించి, బొగ్గు వాయువు లోపలికి రాకుండా పగుళ్ళకు సిమెంటు పూయించేది. ఈ ఏడు పూయించలేదట. "మేస్త్రీ వచ్చి నేలంతా తవ్విపోస్తాడు గదా, దండగ" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో ఒక ఇంటి యజమానురాలి దర్జా కనిపించింది.

కావున తమరి అర్జీ తిరస్కరించడమైనది. ప్రత్యామ్నాయంగా ఒక సూచన: పిల్లలను బాయిలర్ బిగించే రోజున తీసుకురా. పేదరికం ఒక మూల నుంచి కాస్త తగ్గడం ఎలా ఉంటుందో చూస్తారు. ఆ పేజీ మీ పుస్తకంలో లేదనుకుంటాను.

ఆశీస్సులతో
అక్క


హ్వారంగ్ కొత్త పట్టణం
అక్టోబరు 28

మహాఘనత వహించిన అప్పీలు అధికారిణి అక్కకు,

విషయం: తిరస్కరణపై పునర్విచారణ కోరుట.

బాయిలర్ సూచనను ప్రధానోపాధ్యాయుడికి నివేదించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "బాయిలర్ బిగించేటప్పుడు నలభై మంది పిల్లలు ఏం పట్టుకుంటారు?" అని అడిగారు. ఇది పాలనాపరంగా తిరుగులేని ప్రశ్న. బాయిలర్‌ను మేస్త్రీ ఒక్కడే పట్టుకుంటాడు. వరుస ఉండదు, చేతులు మసి కావు, చేతులు మసికాని పిల్లలకు సేవా గంటలు ఎలా వేస్తాం?

కనుక చిన్న మనవి. బాయిలర్‌ను రద్దు చేయమని నేను అడగడం లేదు, ఆ పాపం నాకు వద్దు. డిసెంబరు మొదటి వారం దాటేదాకా వాయిదా వేయమంటున్నాను. ఇన్నేళ్ళు బిళ్ళలతో గడిపిన మనిషికి ఇంకో మూడు వారాలు ఒక లెక్కా? ఈలోగా మా పిల్లలు తెచ్చే బిళ్ళలతో ఆమె ఇల్లు నిక్షేపంగా వెచ్చగా ఉంటుంది.

ఇప్పుడు అర్జీ భాష పక్కన పెట్టి ఒక మాట. ఈ పిల్లలు చెడ్డవాళ్ళు కారు అక్కా. లిఫ్టులో దిగి, బడి బస్సెక్కి, ట్యూషన్‌లో దిగి, మళ్ళీ లిఫ్టెక్కుతారు. యేసుల్ ఆ ప్రశ్న అడిగినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. ఒక్కసారి ఆ గుట్ట ఎక్కి, ఆ గదిలో కూర్చుంటే వాళ్ళలో ఒకరిద్దరికైనా ఏదో తగులుతుంది. ఇది పూర్తిగా పిల్లల కోసం.

నీ తమ్ముడు
హ్యోక్


తోల్‌సన్ గుట్ట
నవంబరు 17

చిరంజీవి హ్యోక్‌కు,

విషయం: అప్పీలు మంజూరు.

నిన్న మేస్త్రీ ఎదురింట్లో బాయిలర్ బిగించాడు. అవ్వ ఇంటి సంగతి తర్వాత చూద్దామని చెప్పి, ఆయనను పక్క వార్డుకు పంపేశాను. మా విభాగాధిపతికి కారణం చెబితే ఆయన నన్ను మెచ్చుకున్నాడు. వచ్చే ఏడాది మా ఆఫీసు క్యాలెండరులో డిసెంబరు పేజీకి బొగ్గు మోసే బొమ్మ లేదని ఆయన వేసవి నుంచీ బాధపడుతున్నాడట.

అవ్వకు మాత్రం నేల కింద వేసే వేడినీళ్ళ పైపులు రాలేదని చెప్పాను.

"ఎదురింటికి పట్టిన పైపులు నా ఇంటికొచ్చేసరికి అయిపోయాయా?"

"అవునవ్వా. కొరత."

"వాళ్ళ గది నా గదికన్నా పెద్దదే."

"అందుకే అయిపోయాయి అవ్వా."

ఆమె నా ముఖం వైపు కాసేపు చూసి, "సరేలే. ఆఫీసులో నీ చేతిలో ఏముంది పాపం, పై వాళ్ళు చెప్పినట్టు చెయ్యాలిగా" అంది. పైగా దారిలో తినమని చిలగడదుంపలు కాల్చి చేతిలో పెట్టింది. రెండు తిన్నాను. మూడోది బస్టాపులో ఎవరికో ఇచ్చేశాను.

తేదీ: డిసెంబరు 4. నీ పిల్లలకు పాత చేతి తొడుగులు తెచ్చుకోమను. ఇంకొకటి, ఇలాంటి అర్జీ మళ్ళీ పెట్టకు.

అక్క


హ్వారంగ్ కొత్త పట్టణం
డిసెంబరు 6

సంక్షేమాధికారిణి గారికి,

విషయం: కార్యక్రమం దిగ్విజయంగా ముగిసినట్టు నివేదిక.

వరుస కింది వీధి మలుపు నుంచి అవ్వ గుమ్మం దాకా నిలిచింది. ఇద్దరు పర్యవేక్షకులు మధ్యలో నిలబడి, తలా ఒక బిళ్ళ అందుకుని, ఫొటో అయ్యాక తొడుగులు విప్పారు. రివాజు ప్రకారం పిల్లలు ఒకరి ముక్కుకు ఒకరు మసి పూసుకున్నారు. మసి అంటని ఒకమ్మాయి ఏడుపు ముఖం పెడితే, స్నేహితురాలు బిళ్ళ మీద వేలు రాసి తెచ్చి, సమానత్వం సాధించింది.

అవ్వ గుమ్మంలో నిలబడి ఎవరినీ వదల్లేదు. మిన్‌గ్యు బిళ్ళను రెండు చేతులతో కడుపుకు హత్తుకుని వస్తుంటే, "ఒరేయ్, అది బొగ్గురా, పసిబిడ్డ కాదు! పడితే ఏడవదు!" అంది. వాడు ఉలిక్కిపడి నిజంగానే పడేశాడు. "చూశావా, ఏడవలేదు" అంది. వరుస వరుసంతా నవ్వింది. పర్యవేక్షకుల్లో పెద్దాయన ఒక కుర్రాడి భుజం తట్టి, "ఏం బాబూ, పేదరికం ఎలా ఉంది?" అని అడిగారు. "బాగుంది సార్" అన్నాడు వాడు.

యేసుల్ మాత్రం అందరూ దిగిపోతున్నా లోపలే ఉండి, బిళ్ళలు వరుసగా పేర్చింది. పిలవడానికి వెళితే అవ్వ ఆమె చేతులు వేడినీళ్ళలో కడుగుతోంది. "ఈ పిల్ల ఏమీ మాట్లాడదేం సారూ? మూగదా?" అంది. "కాదవ్వా, వింటున్నాను" అంది యేసుల్.

నమూనా పాఠానికి జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. మర్నాడు కారణాలు మళ్ళీ అడిగితే, పొద్దున్నే లేవకపోవడం అని ఒక్కరూ అనలేదు. అదొక్కటీ నాకు నిజంగా సంతోషం. ఇక బాయిలర్ పని మొదలుపెట్టవచ్చు.

హ్యోక్


తోల్‌సన్ గుట్ట
డిసెంబరు 21

హ్యోక్‌కు,

విషయం: రెండు సంగతులు.

మొదటిది. మీరు దిగిన వారానికే చలి విరుచుకుపడింది. ఊరంతా నీటి గొట్టాలు పగిలి, మేస్త్రీలందరూ వాటి మీదే ఉన్నారు. మన మేస్త్రీని బతిమాలితే, "నవంబరులో పని చేతికిస్తే మీరే పంపేశారు. ఇప్పుడు నన్ను ముక్కలు చేసి పంచుకోండి మేడమ్" అన్నాడు. కొత్త సంవత్సరం దాటాక గానీ రాడు. అవ్వకు చెప్పాను. "ఈ పైపులేవో సముద్రం మీద వస్తున్నట్టున్నాయే" అంది.

రెండోది. పిన్ని ఫోన్ చేసింది. ఉప ప్రధానోపాధ్యాయుల జాబితాలో నీ పేరు ఉందట కదా? నమూనా పాఠంలో మొదటి స్థానం వచ్చినవాడికి దానికి సరిపడా పాయింట్లు వస్తాయట కదా? కుటుంబంలో మొదటి ఉప ప్రధానోపాధ్యాయుడివని పిన్ని పొంగిపోతోంది. నేనూ పొంగిపోయినట్టు నటించాను. 'ఇది పూర్తిగా పిల్లల కోసం' అన్న వాక్యాన్ని నీ పాత ఉత్తరంలో మళ్ళీ చదివాను. 'పూర్తిగా' అన్న మాట లేకపోతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

అక్క


హ్వారంగ్ కొత్త పట్టణం
డిసెంబరు 28

అక్కకు,

విషయం: వివరణ.

పాయింట్ల సంగతి దాచలేదు, ప్రస్తావించలేదు. ఆ రెండూ ఒకటి కావని మన ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నాకు ఇద్దరు పిల్లలు, వాళ్ళ ట్యూషన్లు నీకు తెలియనివి కావు. పిల్లలకూ మంచి జరిగింది, నాకూ జరిగింది, అవ్వకు చలికాలం పొడవునా సరిపోయే బొగ్గు అందింది. ఇందులో నష్టపోయింది ఎవరో చెప్పు. మీ క్యాలెండరు పేజీ సంగతి నేను ఎత్తానా?

హ్యోక్


జిల్లా ఆసుపత్రి, వరండా
జనవరి 10

హ్యోక్,

విషయం రాయడం నా వల్ల కావడం లేదు.

ఈ ఆదివారం పొద్దున బోక్‌సిల్ అవ్వ గదిలో స్పృహ లేకుండా దొరికింది. బొగ్గు వాయువు. పూయించని నేల పగుళ్ళలోంచి వచ్చింది. తలుపు వైపు చెయ్యి చాచి పడి ఉందట.

చూసింది మీ యేసుల్. నీకు తెలుసా, ఆ పిల్ల ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి అవ్వ దగ్గరకు వస్తోంది? నాకు తెలియదు. వేడి బన్నులు కొనుక్కుని వచ్చి, పిలిస్తే పలకకపోయేసరికి తలుపు తోసి, కిటికీ పగలగొట్టి, అవ్వను దుప్పటితో సహా గుమ్మం బయటకు, మంచులోకి లాగింది. ఎదురింటామె పాతకాలపు వైద్యం ప్రకారం ముల్లంగి కిమ్చీ ఊరగాయ నీళ్ళు గిన్నెతో తెచ్చి నోట్లో పోయబోతే, "స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు పెద్దమ్మా, మా ఆరోగ్యం పాఠంలో ఉంది" అని గిన్నె లాక్కుందట. మీ బడిలో ఒక పాఠమైనా పనికొచ్చింది.

ఆక్సిజన్ గదిలో పెట్టారు. బతుకుతుందన్నారు.

యేసుల్ ఈ వరండాలో నా పక్కనే కూర్చుంది. నేనెవరో తెలియదు, వార్డు ఆఫీసు మనిషినని మాత్రం తెలుసు. "మేడమ్, పైపులు ఎప్పుడొస్తాయి?" అని అడిగింది. అవ్వ ప్రతి ఆదివారం పైపుల గురించే చెప్పేదట. నేల పగుళ్ళు చూపించి, "ఇవన్నీ పోతాయి, పైపులు రానీ" అనేదట.

"వస్తాయమ్మా" అన్నాను.

ఆ పిల్ల చేతులకు గాజు గీరిన గాట్లున్నాయి. ఆ చేతులు చూస్తూ, మళ్ళీ అదే అబద్ధం చెప్పాను. నేలకు పూత వేయించలేదని అవ్వ నాతోనే అంది. నేనే నీకు రాశాను. అంతా తెలిసి వాయిదా వేశాను. నువ్వు అడిగావు, నేను చేశాను. ఈ రెండింట్లో ఏది పెద్దదో తేల్చే ఆఫీసు ఎక్కడా లేదు.

అక్క


హ్వారంగ్ కొత్త పట్టణం
జనవరి 16

అక్కా,

విచారణ నివేదిక రాద్దామని కూర్చున్నాను. 'ఆరోపణ', 'ఆరోపితుడు', 'సాక్షులు' అని వరుసగా శీర్షికలు పెట్టాను. ఆరోపితుడి దగ్గర నా పేరు రాసి, హోదా దగ్గర ఆగిపోయాను. చించేశాను. నువ్వు పగుళ్ళ గురించి రాసిన ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. నేను ఆ వాక్యాన్ని అప్పుడే చదివాను అక్కా. చదివి, నవ్వుకుని, ముసలమ్మ దర్జా బాగుందనుకుని, అప్పీలు రాశాను.

ఇక్కడ సంగతి విను. నిన్న ప్రార్థన సమావేశంలో ప్రధానోపాధ్యాయుడు యేసుల్‌ను వేదిక మీదకు పిలిచి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ తర్వాత నన్నూ పిలిచారు. "మన పేదరిక పాఠం ఫలితంగా ఒక వృద్ధురాలి ప్రాణం నిలిచింది" అన్నారు. బడి మొత్తం చప్పట్లు కొట్టింది. నేను తల వంచి నమస్కరించాను. వంచకపోతే బాగుండదు కదా.

వేదిక దిగాక యేసుల్ వరండాలో నన్ను ఆపింది.

"సార్, ఎదురింట్లో నవంబరులోనే బాయిలర్ పెట్టారు. అవ్వకు పైపులు లేవన్నారు. అదెలా?"

"ఆఫీసు వ్యవహారాలు అంతేనమ్మా."

"మేం బొగ్గు మోసిన రోజు ఆమెకు బాయిలర్ ఉంటే మేం మోసే పనే ఉండేది కాదు కదా సార్?"

"ఉండేది కాదు."

"అప్పుడు మనం ఎక్కడికి వెళ్ళేవాళ్ళం?"

గంట కొట్టారు. పదిహేనేళ్ళుగా బడి గంట మోత విసుగ్గా వింటున్నాను. నిన్న దానికి దండం పెట్టాను.

చెప్పాలి అక్కా. ముందు అవ్వకు, తర్వాత పిల్లలకు. కానీ ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషికి ఇప్పుడే చెప్పడం న్యాయమా? ఆమె కాస్త కోలుకోనీ. కోలుకోగానే ఇద్దరం వెళ్దాం.

హ్యోక్


తోల్‌సన్ గుట్ట
జనవరి 29

హ్యోక్,

అవ్వ ఇంటికొచ్చింది. నోరు మునుపటిలాగే ఉంది. ఆసుపత్రి గంజి గురించి ఆమె అన్న మాటలు కాగితం మీద పెట్టలేను. ఆమె రాకముందే మేస్త్రీని గంటల మీద రప్పించి నేల తవ్వించి, బాయిలర్ బిగించాను. ఒక్క రోజు పని. ఒక్క రోజే పట్టింది హ్యోక్.

అవ్వ మీట నొక్కి, నేల మీద అరచేయి ఆనించి, వేడెక్కేదాకా తీయలేదు. "పైపులు ఎక్కడ దొరికాయే చివరికి?" అని అడిగింది. గదిలో మేమిద్దరమే. అంతకన్నా మంచి అదను రాదు. "దొరికాయి అవ్వా" అన్నాను. ఆమె నా భుజం నిమిరి, "నా కోసం ఎంత తిరిగావో" అంది. నేను చెప్పులేసుకుని బయటపడ్డాను.

ఆమె కోలుకోగానే ఇద్దరం వెళ్దామనుకున్నాం కదా. నన్ను పది రోజులు సియోల్‌లో శిక్షణకు వేశారు. శిక్షణాంశం: నిరుపేదలతో సంభాషించు నైపుణ్యం. నేనే వెళ్తానని చేయెత్తాను, నీ దగ్గర దాచడం ఎందుకు. నువ్వు ముందు వెళ్ళు. నా వంతు నేనొచ్చి చెబుతాను. ఆమెకు ఇంకొంచెం బలం రానీ, కంగారేం లేదు.

అక్క


హ్వారంగ్ కొత్త పట్టణం
ఫిబ్రవరి 20

అక్కా,

శుక్రవారం తరగతిలో చెప్పాను. పుస్తకం మూయించి, బోర్డు దగ్గర కాకుండా బెంచీల మధ్య నిలబడి చెప్పాను. బాయిలర్ నవంబరులో రావలసింది, మన వరుస కోసం నేను ఆపమన్నాను, బాయిలర్ వస్తుందని ఆమె నేలకు పూత వేయించలేదు, ఆ సంగతి తెలిసి కూడా ఆపమన్నాను. నా పదోన్నతి సంగతీ చెప్పాను. నీ గురించి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత మిన్‌గ్యు చెయ్యెత్తాడు.

"సార్, మరి మా సేవా గంటలు పోతాయా?"

"ఛీ, నోర్ముయ్‌రా!" అంది వెనక నుంచి ఒకమ్మాయి. వాడు బిక్కముఖం వేసి, "తెలుసుకుందామని అడిగా" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. నేను పాయింట్ల గురించి ఆలోచించినట్టే వాడూ ఆలోచించాడు. నాకన్నా వాడు నయం, చెయ్యెత్తి అడిగాడు.

జాబితాలోంచి నా పేరు తీసేయమని అడిగాను. ప్రధానోపాధ్యాయుడు నాకు విశ్రాంతి అవసరమన్నారు.

ఈ ఆదివారం గుట్టకు వెళ్ళాను. యేసుల్ నాతో వస్తానంది. ఎదురింటామె వీధి మలుపులోనే ఆపి, "వారం నుంచీ మనిషి మనిషిలా లేదు సారూ" అంది. బొగ్గు వాయువు కొందరిని ఇలా తేరుకోనిచ్చి, మళ్ళీ కొన్ని వారాలకు వచ్చి పట్టుకుంటుందట. డాక్టరు ముందే హెచ్చరించాడట. నీకు చెప్పలేదా? చెప్పే ఉంటాడు. మనం ఆమెకు బలం రావాలని చూస్తూ కూర్చున్న ఆ కొన్ని వారాలే, ఆమె మన మాట వినగలిగిన వారాలు.

అవ్వ వెచ్చటి నేల మీద కోటు వేసుకుని కూర్చుంది. యేసుల్‌ను చూసి, "ఎవరమ్మాయివే నువ్వు?" అంది. ఆ పిల్ల పేరు చెప్పింది. అవ్వ తల ఊపింది, గుర్తుపట్టినట్టు లేదు. ఆ తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, ఒక్కసారిగా లేవబోయింది.

"వచ్చావా! ఇప్పటికి దారి దొరికిందా నీకు? ఎదురింట్లో బిగించి, నా గుమ్మం ముందు నుంచే పోతావురా? నేను గొంతు చించుకుని పిలిస్తే తిరిగి చూడలేదు!"

నన్ను బాయిలర్ మేస్త్రీ అనుకుంది అక్కా.

"అవ్వా, నేను పిల్లల బడి..." అన్నాను.

"నోర్మూసుకో. నీ కోసం నేలకు పూత కూడా వేయించలేదు. వస్తాడు, తవ్వుతాడు అని చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ముసలిముండ ఎలా పోతే నీకేం, అనుకున్నావు కదూ? చెప్పు. అనుకున్నావా లేదా?"

"అనుకోలేదు అవ్వా. అసలేమీ అనుకోలేదు."

"ఎందుకు రాలేదు మరి?"

అప్పుడు చెప్పాను. తరగతిలో చెప్పిందంతా, అదే వరుసలో. మేస్త్రీ తప్పేమీ లేదని, ఆపించింది నేనని, ఎందుకు ఆపించానో కూడా చెప్పాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ వింది. వింటున్నట్టే ఉంది. అయిపోయాక ఊపిరి వదిలి, "సరేలే, పని ఒత్తిడి. మీకూ పెళ్ళాం పిల్లలుంటారు" అంది. "వచ్చావుగా. ఇంక ఏమీ అననులే. బూట్లు విప్పి పైకి రా, చలి. అన్నం తిని పని మొదలుపెట్టు."

గిన్నెలో అన్నం, కిమ్చీ, ఎండు చేప ముక్క తనే పెట్టింది. యేసుల్ గిన్నె అందుకోబోతే ఇవ్వలేదు. నేను తిన్నాను. మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఆమె ఎదురుగా కూర్చుని, "తిను, తిను, మేస్త్రీ పని అంటే మాటలా" అంటూనే ఉంది.

బస్టాపులో యేసుల్ నా వైపు తిరిగింది.

"సార్, అవ్వ క్షమించింది మేస్త్రీని."

"అవునమ్మా."

"ఆయనేం తప్పు చేశాడని?"

బస్సు వచ్చింది. ఇద్దరం ఎక్కాము. సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఆ పిల్ల వెళ్ళి డ్రైవరు వెనక ఒంటరిగా కూర్చుంది.

హ్యోక్